పులికి నిజంగా అంత బలం ఉంటుందా? వేట ఎలా సాగుతుంది?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. నల్లమల అంచున మీ మామయ్యగారి ఆవును పులి కొట్టి, వాగు దాటించి పొదల్లోకి ఈడ్చుకుపోయిందని, అంత బరువును ఒక్క జంతువు లాగడం నమ్మొచ్చా అని మొదటిది. పంజాతో ఒక్క దెబ్బ వేస్తే చాలు మెడ విరిగిపోతుందని ఊళ్లో అంటున్నారు, నిజమేనా అని రెండోది. పులి, సింహం, చిరుత, జాగ్వార్, చీతాల్లో అసలైన వేటగాడు ఎవరని మూడోది. యూట్యూబ్‌లో ఒక్కో వీడియో ఒక్కో మాట చెబుతోందని కూడా రాశారు.

నేను చాలా ఏళ్లుగా నల్లమలలో కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా) సర్వేల్లో, పులి చంపిన జంతువులను పరిశీలించి నివేదిక రాసే పనిలో ఉన్నాను. పుస్తకాల్లో చదివింది కొంత, చెంచు ట్రాకర్ల వెనక నడిచి తెలుసుకున్నది ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆవు సంగతి. నమ్మొచ్చు. ఎదిగిన మగపులి 200 కిలోలు దాటి ఉంటుంది, ఆడపులి 130, 140 కిలోల దగ్గర ఉంటుంది. మామూలు నాటు ఆవు 250 కిలోల చుట్టూ ఉంటుంది. దాన్ని పులి నోట కరుచుకుని గాల్లోకి ఎత్తుకుపోదు, దానితో గోడలు దూకదు. అవి కథలు. మెడ దగ్గర పట్టుకుని, కళేబరాన్ని ముందుకాళ్ల మధ్య పెట్టుకుని, లేకపోతే వెనక్కి నడుస్తూ ఈడుస్తుంది. అలా ఈడ్చడంలో మాత్రం దానికి సాటి లేదు. మెడ, భుజాలు, ఛాతీ కండలన్నీ ఈ పనికోసమే పెరిగినట్టుంటాయి. శరీరం నేలకు దగ్గరగా ఉంటుంది, గోళ్లు నేలను పట్టుకుంటాయి, కోరలు పట్టు వదలవు. నలుగురు మనుషులు తాడు కట్టి లాగినా కదలని కణితిని (సాంబర్ అనే పెద్ద దుప్పిని) ఒక్క ఆడపులి రాళ్లవాగు దాటించిన జాడలు నేను చూశాను. ఈడ్చడానికి కారణం కూడా ఉంది. ఎర బయట పడి ఉంటే తెల్లారేసరికి రాబందులు, కాకులు, అడవిపందులు, మనుషులు అందరూ వస్తారు. నీడ, నీళ్లు, పొద ఈ మూడూ ఉన్నచోట పెట్టుకుంటే మూడు నాలుగు రోజులు నిమ్మళంగా తినొచ్చు.

అయితే పులి గొప్పతనం ఈ ఈడ్చడంలోనే ఉందనుకుంటే అసలు విషయం దాటిపోతాం. బలం చివర్లో పనికొస్తుంది. వేట గెలుపోటములు అంతకుముందే, అది కనిపించకుండా ఎంత దగ్గరికి రాగలిగింది అన్నదాని మీదే తేలిపోతాయి. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ఒక ఎర దగ్గర మేం చూసినవి చెబుతాను, మీకు స్పష్టంగా అర్థమవుతుంది. ఎండాకాలం, నీళ్లు తగ్గి వాగులో చెలమలు మాత్రమే మిగిలిన రోజులు. కణితి పడి ఉందని అటవీశాఖ బేస్‌క్యాంప్ వాళ్లు వైర్‌లెస్‌లో చెప్పారు. వెళ్లగానే మేం కళేబరం దగ్గరికి పోలేదు. మా ట్రాకర్ ఈడ్చిన జాడ పట్టుకుని వెనక్కి నడిచాడు. ఎండుటాకులన్నీ ఒకే వైపుకు ఊడ్చినట్టు ఒరిగి ఉన్నాయి. మధ్యమధ్యలో కణితి గిట్టలు గీసిన గీతలు, ముళ్లకు చిక్కిన ముతక వెంట్రుకలు. ఆ జాడ చెలమ ఒడ్డున ఆగింది. అక్కడ నేలంతా కుళ్లగించి ఉంది, కణితి కాళ్లు తన్నుకున్న చోటు అది. ఆ తరువాత అతను అసలు చోటుకు తీసుకెళ్లాడు. ఒక బండరాయి పక్కన గడ్డి నేలకు అణిగిపోయి ఉంది. "ఇక్కడ పొట్ట ఆనించి పడుకుంది సార్, చానాసేపే ఉంది" అన్నాడు. దాని ముందు మెత్తటి మట్టిలో వెనక కాళ్ల గోళ్లు లోతుగా దిగిన రెండు గుర్తులు. అక్కణ్నుంచి తరువాతి అడుగు నాలుగైదు మీటర్ల అవతల. ఆ తరువాత ఇంకో మూడు గంతులు, అంతే. రాయి దగ్గర్నుంచి కణితి నీళ్లు తాగిన చోటుకు ఇరవై మీటర్లు కూడా లేదు.

రాయి వెనక్కి ఇంకా జాడ తీస్తే ఆ పులి ఒక పెద్ద మలుపు తిరిగి, ఇసుక ఉన్నచోటు వదిలేసి, గట్టినేల మీదుగా వచ్చింది. ముందుకాలు పెట్టిన చోటే వెనక కాలు పెట్టింది. పిల్లిజాతి అంతా ఇలాగే నడుస్తుంది. ముందుకాలు చప్పుడు కాని చోటు చూసి ఆనుతుంది, వెనక కాలు చూడకుండానే అదే చోట పడుతుంది. ఎండుటాకుల మీద 140 కిలోల జంతువు చప్పుడు లేకుండా నడవగలగడానికి మెత్తటి అరికాళ్లతో పాటు ఈ పద్ధతి కూడా కారణం. ఎర తల దించి మేస్తున్నప్పుడు రెండడుగులు వేస్తుంది, తల ఎత్తగానే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఒక కాలు గాల్లో ఉంటే గాల్లోనే ఉంచుతుంది. వంద మీటర్ల దూరానికి గంట పట్టినా దానికి తొందర లేదు.

అంత పెద్ద నారింజరంగు జంతువు దుప్పికి కనిపించకపోవడం ఏమిటని చాలామంది అడుగుతారు. మనకు రంగులు పట్టే కణాలు కంట్లో మూడు రకాలుంటాయి, దుప్పులకు, కణుతులకు రెండు రకాలే. వాటికి నారింజ, పచ్చ మధ్య తేడా దాదాపుగా తెలియదు. 2019లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇదే పరీక్షించి చూపించారు. మన కంటికి నిప్పులా కనిపించే పులి దుప్పి కంటికి పచ్చగడ్డిలో కలిసిపోతుంది. పైన ఉన్న నల్లచారలు శరీరం అంచు ఎక్కడుందో తెలియనివ్వవు. దానికితోడు పులి కంటి వెనక కాంతిని తిరిగి కొట్టే పొర ఒకటుంటుంది. రాత్రి టార్చి వేస్తే కళ్లు మెరిసేది దానివల్లే. మనిషికి కావలసిన వెలుతురులో ఆరోవంతు ఉన్నా పులికి సరిపోతుందని చెబుతారు. అంటే చీకట్లో ఎరకు తను కనపడదు, తనకు ఎర కనపడుతుంది.

గాలివాటం గురించి ఒక మాట. పులి, సింహం ఎప్పుడూ గాలికి ఎదురుగానే వస్తాయని వేటకథల్లో రాస్తారు. టాంజానియాలోని సెరెంగెటిలో మూడేళ్లకు పైగా సింహాలను గమనించిన పరిశోధకుడు జార్జ్ షాలర్‌కు మాత్రం అవి గాలిని లెక్కచేస్తున్నట్టు కనిపించలేదు. గాలివాటం కుదిరితే అదృష్టం, కుదరకపోతే వేట చెడుతుంది.

చెడడం అంటే ఎంత తరచుగా? ఈ షాలర్‌గారే 1963 నుంచి 65 వరకు మన మధ్యప్రదేశ్‌లోని కన్హా అడవిలో పులుల మీద పనిచేశారు. పులి ఇరవైసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి దొరుకుతుందేమోనని ఆయన అంచనా. అడవిని బట్టి, రుతువును బట్టి ఇది మారుతుంది. పదిసార్లకు ఒకటి అనేవాళ్లూ ఉన్నారు. ఎలా చూసినా ఓటములే ఎక్కువ. వీడియోల్లో గెలిచిన వేటలే పెడతారు కాబట్టి మనకు ఇంకోలా అనిపిస్తుంది.

ఓటమి ఎలా ఉంటుందో నల్లమలలో ఏ బేస్‌క్యాంప్ వాచర్‌ని అడిగినా చెబుతారు. చెట్టు మీద కొండముచ్చు ఖర్ మని దగ్గుతుంది. చుక్కల దుప్పి ఈల వేసినట్టు అరుస్తుంది. కణితి అయితే ముందుకాలు నేలకేసి కొట్టి, అడవంతా మారుమోగేలా ఒక్క కేక వేస్తుంది. అంతే, పులి దాక్కోవడం మానేసి లేచి నిలబడుతుంది. అందరి కళ్ల ముందు నుంచే దారినపోయేవాడిలా నడిచి వెళ్లిపోతుంది. ముప్పై అడుగుల దూరంలో దుప్పులున్నా వాటి వంక చూడదు. దాని బలం ఒక్క రవ్వ కూడా తగ్గలేదు, కాని తను కనబడిపోయానని దానికి తెలిసిపోయింది.

ఈ విషయం మీదే బోట్స్వానాలో ఒక మంచి పరిశోధన జరిగింది. ఒకవాంగో డెల్టా పక్కన సింహాలు పశువులను చంపుతుంటే, కొన్ని ఆవుల పిరుదుల మీద రెండు పెద్ద కళ్ల బొమ్మలు వేశారు, కొన్నింటికి ఇంటూ గుర్తు వేశారు, కొన్నింటిని అలాగే వదిలేశారు. మొత్తం 2,061 పశువులు, నాలుగేళ్లు. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. బొమ్మ లేనివి 835 ఉంటే 15 చనిపోయాయి. ఇంటూ గుర్తున్న 543లో 4 పోయాయి. కళ్లు వేసిన 683లో ఒక్కటి కూడా చనిపోలేదు. సుందర్‌బన్స్‌లో 1986 ప్రాంతంలో కట్టెలకు, తేనెకు అడవిలోకి పోయేవాళ్లు తల వెనక మనిషి ముఖం మాస్కు పెట్టుకున్నదీ ఇందుకే. పులి వెనకనుంచే వస్తుంది కాబట్టి వెనక కూడా ముఖం కనిపిస్తే ఆగుతుందని ఆశ. కొంతకాలం బాగానే పనిచేసింది, తరువాత పులులు కనిపెట్టేశాయని అక్కడివాళ్లు చెబుతారు.

కనబడగానే వదిలేయడానికి శరీరం లోపలి కారణం ఒకటుంది. పిల్లిజాతి జంతువులకు గుండె చిన్నది. హైనా గుండె దాని శరీర బరువులో దాదాపు ఒక శాతం ఉంటే, సింహానిది అందులో సగం చిల్లర. అందుకే హైనాలు, రేచుకుక్కలు కిలోమీటర్ల తరబడి తరుముతాయి. పులి అలా తరమలేదు. మొదటి కొన్ని సెకన్లలో అందకపోతే ఇక అందదు. 2018లో బోట్స్వానాలోనే సింహాలు, జీబ్రాలు, చీతాలు, ఇంపాలా జింకలకు మెడలో కదలికలు కొలిచే కాలర్లు కట్టి కండ ముక్కలు కూడా పరీక్షించారు. వేటాడే జంతువుల కండ ఎరల కండకన్నా 20 శాతం ఎక్కువ శక్తి చూపింది. పరుగులో అవి 38 శాతం వేగంగా ఉన్నాయి. ఐనా ఎరలు చాలాసార్లు తప్పించుకుంటాయి. ఎలాగంటే పూర్తి వేగంతో పరిగెత్తకుండా, ఆఖరి క్షణంలో ఒక్కసారి పక్కకు తిరుగుతాయి. వెనక వచ్చేదానికి ఆ మలుపు ముందుగా తెలియదు. కాబట్టి వేటగాడికి ఈ 20 శాతం ఆధిక్యం దగ్గరినుంచి మొదలుపెడితేనే పనికొస్తుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, పంజా దెబ్బ. కుక్క, దుప్పి పిల్ల, కోతి లాంటి చిన్న జంతువులు పంజా దెబ్బకే చావొచ్చు. కణితి, ఆవు, మనుబోతు (నీల్‌గాయి) అయితే పంజా పని చంపడం కాదు, పట్టి పడేయడం. ఏడెనిమిది సెంటీమీటర్ల వంకీ గోళ్లు మామూలుగా లోపలికి ముడుచుకుని ఉంటాయి, అందుకే నడిచేటప్పుడు అరగవు, అడుగుజాడల్లో కనిపించవు. గంతు వేసినప్పుడు బయటికొచ్చి భుజంలో, వీపులో కొక్కేల్లా దిగుతాయి. వెనక కాళ్లు మాత్రం చాలాసార్లు నేలమీదే ఉంటాయి. ఎర వేగాన్నే వాడుకుని దాన్ని ఒక పక్కకు వంచుతుంది. పులికి భుజాన్ని ఛాతీకి బిగించే ఎముక చాలా చిన్నది, కండల్లో తేలుతూ ఉంటుంది. దానివల్ల ముందుకాళ్లు ఎటంటే అటు తిరుగుతాయి, కావలించుకున్నట్టు పట్టుకోగలదు. ఏ కుక్కజాతి జంతువూ ఇలా పట్టుకోలేదు. మెడ విరగడం కూడా జరుగుతుంది, నేను చూశాను. కాని అది చెంపదెబ్బ వల్ల జరిగేది కాదు. తల ఒకవైపు తిప్పి పట్టుకున్నప్పుడు పెద్ద జంతువు తన బరువుతో తానే కూలుతుంది, అప్పుడు విరుగుతుంది.

పడిన తరువాత కోరల పని. చిన్న ఎర అయితే మెడ వెనక కొరికి వెన్నుపాము తెంపుతుంది, క్షణాల్లో అయిపోతుంది. పెద్ద ఎర అయితే గొంతు పట్టుకుంటుంది. అది ఉడుంపట్టు. గొంతునాళం నొక్కుకుపోయి ఊపిరి ఆగేదాకా, కొన్ని నిమిషాల పాటు, వదలదు. ఈ సమయంలో పులి శరీరాన్ని ఎర వీపువైపు ఉంచుకుంటుంది, గిట్టల తన్ను తగలకుండా. పైనుంచి చూస్తే గొంతు మీద నాలుగు చిన్న రంధ్రాలే కనిపిస్తాయి, నెత్తురు కూడా పెద్దగా ఉండదు. పశువైద్యుడు చర్మం ఒలిస్తే లోపల అరచేయంత మేర నెత్తురు గడ్డకట్టి, గొంతునాళం నలిగి ఉంటుంది. ముందే చచ్చిన ఆవును ఏ జంతువైనా పీక్కుతింటే ఈ గడ్డకట్టిన నెత్తురు ఉండదు. పులి చంపిన పశువుకు ఇచ్చే పరిహారం విషయంలో మేం ముందుగా చూసేది అదే.

దవడల బలం ఇన్ని పౌండ్లు అన్ని పౌండ్లు అని వీడియోల్లో తిరిగే అంకెలను పట్టించుకోకండి. అవి చాలావరకు పుర్రెల కొలతల నుంచి లెక్కగట్టిన అంచనాలు, ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది. అడవిలో తెలిసేది ఏమిటంటే, పులికి పళ్లు 30, అందులో నాలుగు కోరలు పోతే దాని బతుకు పోయినట్టే. 1907లో కుమావూఁలో చంపిన చంపావత్ ఆడపులి 400 మందికి పైగా మనుషులను చంపిందని లెక్క. దాని కుడివైపు కోరలు రెండూ విరిగిపోయి ఉన్నాయి. కణితి గొంతు పట్టలేని పులి మనుషుల వైపు తిరిగింది.

గాయాల భయం పెద్దపిల్లులకు ఎంత ఉంటుందో మనం ఊహించలేం. ఒంటరిగా బతికే పులికి కాలు విరిగితే తెచ్చిపెట్టే దిక్కు లేదు. అడవిపంది కోరలకు పొట్ట చీలి చచ్చిన పులులున్నాయి. ఏదుపంది ముళ్లు పంజాలో, మూతిలో దిగి చీముపట్టి, నడవలేక, ఆకలితో చచ్చినవీ ఉన్నాయి. అంత బలం ఉన్న జంతువు అంత జాగ్రత్తగా ఉండేది అందుకే. ఎదురు తిరిగి నిలబడిన అడవిపందిని చూసి పులి వెనక్కి తగ్గిన ఫొటోలు మా కెమెరాల్లోనే ఉన్నాయి.

ఇంత నేర్పు పుట్టుకతో రాదు. పొంచి ఉండడం, మీద పడడం పిల్లకు వాటంతట అవే వస్తాయి. ఎక్కడ పట్టాలి, ఎప్పుడు ఆగాలి, దేని జోలికి పోకూడదు అన్నవి తల్లి దగ్గర ఏడాదిన్నర, రెండేళ్లు ఉండి నేర్చుకోవాలి. తల్లి సగం చచ్చిన దుప్పి పిల్లను తెచ్చి ముందు వేస్తుంది, పిల్లలు తడబడుతూ చంపడం నేర్చుకుంటాయి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులికూనలు ఊళ్లో దొరికిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తల్లి దగ్గరికి చేర్చడానికి అటవీశాఖ వాళ్లు రాత్రింబవళ్లు తిరిగారు, కుదరలేదు. చివరికి తిరుపతి జూకు పంపారు. ఆ రోజుల్లో చాలామంది "పులిపిల్లలే కదా, అడవిలో వదిలేస్తే అవే బతుకుతాయి" అని కామెంట్లు పెట్టారు. తల్లి లేకుండా అవి వారం కూడా బతకవు. పాలు లేకపోవడం ఒక్కటే కాదు, ఆ తరువాత రెండేళ్ల చదువు కూడా లేనట్టే.

ఇక మూడో ప్రశ్న. ఒక్కో జంతువుకు ఒక్కో అడవి, ఒక్కో ఎర, కాబట్టి పోటీ పెట్టడం కష్టం. ఐనా అడిగారు కాబట్టి చెబుతాను.

సింహం గుంపు వేటగాడు. నమీబియాలోని ఎటోషాలో స్టాండర్ అనే పరిశోధకుడు 1992లో చూపించింది ఏమిటంటే, ఆడసింహాలు ఎవరి స్థానం వాళ్లకు ఉన్నట్టు వేటాడతాయి. కొన్ని రెండు పక్కల నుంచి చుట్టి వస్తాయి, కొన్ని మధ్యలో కాపు కాసి కూర్చుంటాయి, ఎవరి స్థానంలో వాళ్లున్నప్పుడు గెలుపు ఎక్కువ. అడవిదున్న లాంటి ఆఫ్రికా గేదెను పడగొట్టడం ఇలా కలిసివచ్చినప్పుడే సులువవుతుంది. మగసింహం సోమరి, ఆడవాటి సంపాదన తింటుందని అనుకునేవారు. 2013లో దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో లేజర్ కొలతలతో పొదల దట్టాన్ని లెక్కించి చూస్తే, మగవి దట్టమైన చోట ఒంటరిగా మాటువేసి బాగానే వేటాడుతున్నాయని తేలింది. మైదానంలో వేట మన కళ్లకు కనిపిస్తుంది, పొదల్లోది కనిపించదు, అంతే తేడా.

చీతా వేగానికి పేరు. 2013లో బోట్స్వానాలో కాలర్లు కట్టి 367 పరుగులు కొలిచారు. గరిష్ఠ వేగం గంటకు 93 కిలోమీటర్లు, కాని ఎక్కువ పరుగులు అందులో సగం చిల్లర వేగంతోనే సాగాయి. సగటు పరుగు 173 మీటర్లు. నాలుగింట ఒకటి ఫలించింది. ఆ పరిశోధకులకు వేగం కన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది చీతా ఎంత త్వరగా వేగం పుంజుకుంటుంది, ఎంత త్వరగా తగ్గించుకుని మలుపు తిరుగుతుంది అన్నదే. బలం విషయంలో మాత్రం ఇది అన్నిటికన్నా వెనక. తను చంపిన ఎరను హైనా వచ్చి అడిగితే వదిలేసి పోతుంది. ఆఫ్రికా నుంచి మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కుకు తెచ్చిన చీతాల విషయంలో చిరుతల భయం గురించి అంత చర్చ జరిగిందీ అందుకే.

కాటు బలంలో, శరీర బరువుతో పోల్చి చూస్తే, జాగ్వార్‌ది పైచేయి. మిగతావి గొంతు పట్టుకుంటే ఇది తరచుగా పుర్రెనే కొరుకుతుంది. బ్రెజిల్‌లోని పాంటనాల్ చిత్తడినేలల్లో నీళ్లలోకి దూకి కైమాన్ మొసలిని తల వెనక పట్టి ఒడ్డుకు ఈడుస్తుంది. తాబేటి డిప్పను పగలగొట్టి తింటుంది.

పెద్ద ఎరను ఒంటరిగా పడేయడంలో పులిని మించింది లేదు. కర్ణాటకలోని నాగరహోళెలో ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ 1995లో ప్రకటించిన లెక్కల్లో పులి చంపే జంతువు సగటు బరువు 91.5 కిలోలు, చిరుతది 37.6, రేచుకుక్కల గుంపుది 43.4. అక్కడ ఎదిగిన అడవిదున్నను కూడా పులి ఒంటరిగా కొడుతుంది, అది పులికన్నా మూడు నాలుగు రెట్లు బరువు.

కాని నన్నడిగితే వేటగాళ్లలో మొదటి పేరు చిరుతదే. 50, 60 కిలోల శరీరంతో ఇది చేసే పనులు వేరేదేదీ చేయలేదు. తనంత బరువున్న ఎరను నోట కరుచుకుని నిట్టనిలువు చెట్టెక్కుతుంది. ఎలుక, ఎండ్రకాయ, నెమలి, కోతి, అడవిపంది పిల్ల, దుప్పి, ఏది దొరికితే దానితో బతుకుతుంది. మహారాష్ట్రలోని అకోలే చెరకు తోటల మధ్య బతికే చిరుతల ఆహారంలో 39 శాతం ఊరకుక్కలే అని పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం తేల్చింది. పులి ఉన్న అడవిలో పులికి కనపడకుండా, ఊరి పక్కన మనిషికి కనపడకుండా ఏళ్లకేళ్లు గడిపేస్తుంది. 2020 మేలో హైదరాబాద్ కాటేదాన్ దగ్గర నడిరోడ్డు మీద చిరుత కనబడితే నగరమంతా ఆశ్చర్యపోయింది. చుట్టూ రాళ్లగుట్టల్లో అవి ఎప్పట్నుంచో ఉన్నాయి.

ఈ నేర్పే మనకు ప్రమాదం కూడా. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. చిరుత ఎరను ఎంచుకునేది ఎత్తును బట్టి, గుంపు నుంచి ఎంత దూరంగా ఉంది అన్నదాన్ని బట్టి. నిలబడిన పెద్దవాళ్లను అది మామూలుగా ఎరగా చూడదు. చిన్నపిల్లలు, వంగి కూర్చున్నవాళ్లు, గుంపుకు ముందో వెనకో పడినవాళ్లు దాని కంటికి వేరుగా కనిపిస్తారు. ఆ తరువాత మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లలను ఆ దారిలో పంపకపోవడం, గుంపులుగా నడవమనడం ఇందుకే వచ్చాయి. చేతికర్ర ఇస్తే చాలామంది నవ్వుకున్నారు. చిరుతతో కుస్తీకి అది అక్కరకు రాకపోవచ్చు, కాని గుంపుగా, చప్పుడు చేస్తూ, పిల్లలను మధ్యలో పెట్టుకుని నడిచేవాళ్ల మీదికి మాటువేసే జంతువు సాధారణంగా రాదు. టాంజానియాలో మనుషుల మీద సింహాల దాడులను లెక్కవేస్తే, పౌర్ణమి వెళ్లిన తరువాతి రోజుల్లో, పొద్దుగుంకి చంద్రుడు ఇంకా రాని చీకటి గంటల్లోనే ఎక్కువ జరిగాయని 2011లో తేలింది. మన దగ్గర కూడా పొలాల్లో నీళ్లు పెట్టడానికి వెళ్లేవాళ్లు ఆ వేళల్లో ఒంటరిగా పోకపోవడం మంచిది.

చివరిగా మీ మామయ్యగారికి నా మాటగా ఇవి చెప్పండి. పులి ఎర దగ్గరికి రాత్రికి దాదాపుగా తిరిగి వస్తుంది, చాలాసార్లు పగలు కూడా వంద అడుగుల దూరంలోనే పడుకుని ఉంటుంది. కాబట్టి ఆవు చర్మం కోసమో చూడ్డానికో ఎవరూ పొదల్లోకి పోవద్దు. కళేబరాన్ని కదపొద్దు, పూడ్చొద్దు. దూరం నుంచే ఫొటోలు తీసి, అదే రోజు అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పాలి. ఈడ్చిన జాడ, అడుగులు, గొంతు మీద గాట్లు చెరిగిపోకముందే వాళ్లు, పశువైద్యుడు వచ్చి చూస్తే పరిహారం కాగితాలు సులువుగా అవుతాయి. ఆలస్యమైతే పందులు, నక్కలు పీకేసి గుర్తులు మిగలవు. కోపంలో ఎవరైనా కళేబరం మీద పురుగుమందు చల్లుదామంటే గట్టిగా ఆపండి. 1972 వన్యప్రాణి చట్టం కింద జైలుకు పోవడం ఒక సంగతి. తల్లిపులి అయితే దానితోపాటు పిల్లలన్నీ పోతాయి, ఆ మాంసం తిన్న ఊరకుక్కలూ పోతాయి. మిగతా పశువులను కొన్నాళ్లు వాగు అవతలికి వదలకుండా, పొద్దుండగానే కొట్టానికి తోలుకు రమ్మనండి. కొట్టానికి తలుపు, పైకప్పు రెండూ ఉండాలి. పులి సంగతి అటుంచితే, చిరుతకు ఆరడుగుల గోడ అడ్డం కాదు. గొంతు దగ్గర గాట్ల ఫొటో ఉంటే ఇక్కడ పెట్టండి, కోరల మధ్య ఎడం చూసి పులిదో చిరుతదో చెప్పడానికి ప్రయత్నిస్తాను. పక్కన అగ్గిపెట్టెనో పెన్నునో పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది, కాని ఆ ఫొటో అటవీ సిబ్బంది వచ్చాక వాళ్లతోనే తీయించండి.